కెమెరా వెనక మా అత్త

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను కాశీబుగ్గలో ఒక పెళ్ళికూతురికి పసుపు రాస్తుంటే వీడియో తీస్తున్నాను. జేబులో ఫోను మూడుసార్లు మోగి ఆగింది. పెళ్ళివారి ఎదుట ఫోను తియ్యడం నాకు అలవాటు లేదు. నాలుగోసారి మాత్రం ఎడమచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. కుడిచేతిలో కెమెరా నడుస్తూనే ఉంది. ఊరినుంచి మా తమ్ముడు.

"అన్నా, అత్త ఎల్లిపోనాది," అన్నాడు.

పొద్దున్నే పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలబడిపోయిందట. నలుగురూ ఎత్తి మంచమ్మీద పడుకోబెట్టేసరికే అయిపోయిందట. వస్తున్నానని చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆ తరవాత ఇంకో పావుగంట, ఆ పిల్ల బుగ్గలకి ఎవరెవరు పసుపు రాశారో అంతా తీశాను. ఎందుకలా నిలబడిపోయానో ఇప్పటికీ చెప్పలేను. చేతికి తెలిసిన పని చేతులు చేసుకుపోయాయి. పావుగంటయ్యాక నాతో వచ్చిన ఇంకో కెమెరా అతనికి అప్పజెప్పి బండెక్కాను.

ఇది రాద్దామని కూచుని ఇప్పటికి చాలాసార్లు లేచాను. గుమ్మందాకా వెళ్ళి వస్తాను. చల్లబడిపోయిన టీ తాగుతాను. మళ్ళీ కూచుంటాను. నాకు టెక్కలిలో ఒక వీడియో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి ఇళ్ళలోనో శుభకార్యాలు తీసి, కోసి, అతికించి, పాట పెట్టి ఇవ్వడం నా బతుకు. ఒక మనిషిని పది నిమిషాల్లో చూపించడం నాకు రోజూ చేసే పని. మా అత్త గురించి మాత్రం ఎక్కడ మొదలుపెట్టినా అది మొదలు కాదనిపిస్తోంది.

ఆమె నర్సు. ఉద్దానం పల్లెల్లో టీకాలు వేస్తూ, పురుళ్ళు పోస్తూ ఉద్యోగమంతా గడిపింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఊళ్ళో మా ఇంటి పక్కనే రెండు గదుల ఇల్లు. చేతిగడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకునేది, నాడి చూసేటప్పుడు వీలుగా ఉంటుందని. రిటైరయ్యాక కూడా అలాగే పెట్టుకుంది. ఒకచోట కూచునే మనిషి కాదు. చర్చిలో ప్రసంగం పొడుగైతే లేచి వెనక్కి వెళ్ళి, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని నిలబడేది. పిల్లలు ఎవరూ ఏడవకపోతే పాపం ఏం చెయ్యాలో తోచక కిటికీ రెక్కలు సర్దేది.

తుపాను వచ్చి మా వైపు కొబ్బరీ జీడీ నేలమట్టమైన ఏడాదే ఆమె రిటైరైంది. చేతిలో పని పోయింది, చుట్టూ చెట్లూ పోయాయి. ఒకరోజు బస్సెక్కి టెక్కలి వచ్చి, నా స్టూడియోలో బల్ల మీద కూచుంది.

"ఒరే అల్లుడూ, నువ్వు ఊరూరా తిరిగి తీత్తావు కదా. మన ఈది ఎక్కడైనా ఉన్నాదేటి సూడు. తుపానుకి ముందుది," అంది.

మా వీధిలో నేను తీసిన పెళ్ళిళ్ళు అన్నీ వెతికాను. పెళ్ళికూతుళ్ళ చెవులకున్న బుట్టలు, ముక్కుపుడక రాళ్ళు, కంటి కాటుక, అన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. వాళ్ళ వెనక మాత్రం ఒక ఆకుపచ్చ మసక. ఏ చెట్టో, ఏ గోడో తెలీదు. అత్త తెర దగ్గరికంటా వంగి చూసింది. వెనకాలంతా కళ్ళజోడు తీసేసినట్టుందేమిటని అడిగింది. మంచి లెన్సు అలాగే చూపిస్తుంది, అదే అందం అన్నాను.

"మనిషి ఎక్కడ నిలబడ్డాదో తెలకపోతే ఏటందంరా," అంది.

నాకు కోపం వచ్చింది. కోపంతోనే, పక్కన పడేసి ఉన్న పాత చిన్న కెమెరా తీసి చేతిలో పెట్టి, అయితే నువ్వే తీసుకో అన్నాను. దాని తెర ఒక మూల చిట్లింది. ఛార్జరూ ఒక మెమరీ కార్డూ కూడా ఇచ్చాను. వెటకారంగా ఇచ్చిన సంగతి ఆమెకి తెలిసే ఉంటుంది. సంచిలోంచి తువ్వాలు తీసి, పురిటి బిడ్డని చుట్టినట్టు చుట్టుకుని పట్టుకుపోయింది.

ఆ తరవాత వారానికి రెండుసార్లు వచ్చేది. నా పాత కంప్యూటరు ముందు కూచుని ఎడిటింగు నేర్పమనేది. నేను చెప్పినవన్నీ ఒక పాత టీకాల రిజిస్టర్లో రాసుకునేది. పిల్లల పేర్లూ, వేసిన డోసులూ అచ్చు గళ్ళలో రాసే ఆ పుస్తకంలోనే, "కత్తెర గుర్తు నొక్కితే తెగును", "తెగినది పోదు, కింద దాగి ఉండును" అని గుండ్రటి అక్షరాలతో ఉండేది. ఎడిట్ చెయ్యడం అన్న మాట ఆమె వాడలేదు. కొయ్యడం అనేది. ఆఖరికి నా పాత కంప్యూటరు కూడా ఆమె ఇంటికే చేరింది.

కెమెరాని టీకాల నీలం డబ్బాలో దాచేది, ఉప్పుగాలి తగలకుండా. అద్దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేది. లెన్సు పాడైపోతుందని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బాక్టీరియా ఉంటాదిరా అనేది. ఎంత చెప్పినా మానలేదు. ఆ లెన్సూ పాడవలేదు.

ఏం తీసేదని అడుగుతారేమో. పుట్టినరోజులూ పెళ్ళిళ్ళూ తీసేది కాదు. జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చేతులకి అంటిన జీడి మరకలు వదిలించుకోవడం తీసింది. మా అమ్మ పనసకాయ కోస్తూ చేతికీ కత్తికీ నూనె రాసుకోవడం తీసింది. మా వీధి బోరింగు దగ్గర ఎవరి బిందె ముందో వాదన జరిగితే, పక్కన నిలబడి మొదట్నుంచి చివరిదాకా తీసి, రెండు రోజుల తరవాత ఆ ఇద్దర్నీ పిలిచి టీవీలో చూపించింది. ఒకామె చూసి, నేనింత గట్టిగా అరుస్తానా అని అడిగిందట. అత్తకి ఒక నియమం ఉండేది. ఎవర్ని తీసిందో ముందు వాళ్ళకే చూపించేది. వద్దన్న ముక్క తీసేసేది. వాళ్ళు సరే అనందే ఇంకెవరికీ చూపించేది కాదు.

నా పెళ్ళి వీడియోలు చూసి ఆమె తల పట్టుకునేది. పాటెట్టీగానే మనిషి మాట సచ్చిపోతాది, పాట కావలిస్తే రేడియో ఎట్టుకోమను అనేది. ఒకసారి నా పక్కన కూచుని, నేను టకటకా కత్తిరిస్తుంటే చూసి చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిల్ల పుట్టీగానే బొడ్డు కోసీకూడదురా. కొట్టుకోడం ఆగినాక కొయ్యాల. ఇదీ అంతే. మాట అయిపోనాక కూడా మనిషి మొకం కాసేపు కొట్టుకుంటాది. అది ఆగనీ."

అది విన్నాక నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. మారలేదు. పెళ్ళివారు పాటలే అడుగుతారు, నేను పాటలే పెడతాను. కానీ కత్తెర నొక్కబోయే ముందు నా వేలు ఒక క్షణం తటపటాయించడం అప్పట్నుంచీ ఉంది.

ఇక్కడిదాకా రాయడం తేలిక. ఇక చెప్పాల్సింది వేరే ఉంది.

మా నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ మాట విడమర్చక్కర్లేదు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. మొహం ఉబ్బిపోయింది, కాళ్ళు దిమ్మల్లా అయ్యాయి. తోటకి వెళ్ళే మనిషి వసారాలో కుర్చీలో కూచుని తోటవైపు చూస్తూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం నేను టెక్కలి నుంచి మందులు తీసుకుని వచ్చేసరికి, అత్త ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూచుని కెమెరా పట్టుకుని ఉంది. నాన్న చొక్కా లేకుండా ఉత్త బనియనుతో ఉన్నాడు. చెయ్యి చాపి, పడిపోయిన చెట్ల మొదళ్ళు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఇది మనమ్మ పెట్టింది, దాని కాయ నీళ్ళు ఉప్పగుండేవి. అదిగో ఆ గొయ్యి దగ్గరిది నీకు ఉద్యోగం వచ్చిన ఏడు పెట్టాను. దాని పక్కది ఎప్పుడూ వంకరే. ఒక్కొక్క చెట్టూ, వరసలో. అది రెండో రోజట. ముందురోజు కూడా తీసిందట.

నాకు కనబడింది చెట్లు కాదు. ఉబ్బిన ఆ మొహం, చేతిమీద సూదులు గుచ్చిన గడ్డలు, బనియను చిరుగు. మా ఇల్లు నలుగురి ముందు బట్టల్లేకుండా నిలబడ్డట్టు అనిపించింది. ఆపు అత్తా అన్నాను. ఆపింది.

"ఇలాగున్న మనిషిని తీస్తావేటి? రేపు మేం చూసుకోవాల్సింది ఇదేనా?"

"అన్నయ్యే సెప్తానన్నాడురా. నానడగనేదు."

ఎవరు చెప్తానన్నా సరే, కార్డులోంచి తీసెయ్యమన్నాను. అత్త నావైపు కాదు, నాన్న వైపు చూసింది. ఆయన కాసేపు చేతివేళ్ళు చూసుకున్నాడు.

"పోనీలేమ్మా. ఆడికి కట్టంగున్నాది. తీసీ," అన్నాడు.

అత్త అప్పుడు నాకేసి తిరిగింది. "తీసీమంటే తీసేత్తాను. మళ్ళీ రాదు. అది నాకన్నా నీకే బాగా తెలుసు," అంది.

తెలుసు అన్నాను.

నా కళ్ళముందే కార్డులోది తీసేసింది. తన ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, కంప్యూటర్లో ముందురోజుదీ తీసేసి, చెత్తబుట్ట బొమ్మ కూడా ఖాళీ చేసి చూపించింది. వాదించలేదు. నేను గెలిచినట్టు ఇంటికొచ్చాను.

రెండు నెలలకి నాన్న పోయాడు. పోయినవాళ్ళని తలుచుకునే ఆదరణ కూడికలో వెయ్యడానికి నేనే వీడియో చేశాను. ఉన్నవి ఏవంటే, పెళ్ళినాటి ఫోటో, అందులో ఎవరిదో అరువు కోటు. రేషను కార్డు ఫోటో. మా చెల్లెలి పెళ్ళిలో గుంపులో ఒక మూల. వెనక వాయిద్యం పెట్టాను. తెరమీద ఉన్న కోటు మనిషిలో వచ్చినవాళ్ళు మా నాన్నని వెతుక్కున్నారు. మాట ఒక్కటి లేదు. ఇరవై ఏళ్ళు ఊళ్ళవాళ్ళ గొంతులన్నీ పట్టినవాణ్ణి, మా నాన్న గొంతు నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఆ మరుసటి వానలకి తమ్ముడు తోటలో కొబ్బరి మొక్కలు వేస్తూ, నాన్న చెట్లు ఏ వరసలో ఉండేవో అడిగాడు. అమ్మకి కొన్ని తెలుసు. నాకు ఒక్కటీ తెలీదు.

అప్పుడు వెళ్ళి అత్తని అడిగాను. పెరట్లో చేపలు కడుగుతోంది. నాన్నది ఏమైనా మిగిలిందా అత్తా అన్నాను. చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది.

"నేదురా. తీసేత్తానని నీకు సెప్పినాక ఉంచుతానేటి," అంది.

అందులో దెప్పు లేదు. దెప్పి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. నేను తాగాను. తాగుతూ, ఈమె అబద్ధం చెబుతోంది, ఎక్కడో దాచే ఉంటుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అబద్ధం కావాలని కోరుకున్నాను. ఆ తరవాత ఎప్పుడు ఆమె ఇంటికి వెళ్ళినా నా కళ్ళు ఆ కంప్యూటరు మీదికే పోయేవి. మనిషి మాట్లాడుతుంటే వినకుండా దాని పెట్టె వైపు చూస్తున్నానని తెలిసి, వెళ్ళడమే తగ్గించేశాను. ఆమె మటుకు రావడం మానలేదు. కోసిన వీడియోలు పట్టుకుని స్టూడియోకి వచ్చేది. తరవాత చూస్తానత్తా, పనుంది అనేవాణ్ణి. పనుంటే సరే అని, నాకోసం తెచ్చిన అన్నం క్యారేజీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయేది. మూడేళ్ళు అలా అయ్యాయి. చూడకుండా వెనక్కి పంపినవి ఎన్నో నాకు లెక్క లేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. ఆదరణ కూడికకి మా అత్తది పది నిమిషాల వీడియో చెయ్యమన్నారు. నా దగ్గర అలాంటివాటికి ఒక మూస ఉంది. తెల్లపూలు, పావురాలు, మెల్లగా వాయిద్యం. పేరూ ఫోటోలూ మారిస్తే చాలు. తీరా చూస్తే ఆమె ఫోటోలు నాలుగే ఉన్నాయి. ఏడేళ్ళు అందర్నీ తీసిన మనిషిని ఎవరూ తియ్యలేదు. కెమెరా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది మరి.

తమ్ముడు ఆమె ఇంటి తాళం ఇచ్చాడు. ఏదో ఫోటో వెతకడానికి అన్నట్టు వెళ్ళాను. నేను వెతికింది మా నాన్నని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయకుండా వదిలితే ఈ నాలుగు మాటలూ అబద్ధమవుతాయి. ఆమె పోయి మూడు రోజులు కాలేదు, ఆమె మంచమ్మీద దుప్పటి మడత అలాగే ఉంది, నేను కంప్యూటరు ముందు కూచుని ఫోల్డరు తరవాత ఫోల్డరు తెరుస్తున్నాను. ఎక్కడా లేదు. ఆఖరికి టీకాల రిజిస్టరు తీశాను. తీసిన ప్రతిదీ అందులో రాసింది, తేదీ వేసి. మా నాన్నది దొరికింది. "అన్నయ్య. కొబ్బరిచెట్లు. రెండు రోజులు." దానిమీద స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టి ఉంది. పక్కన ఇలా ఉంది: "అల్లుడు వద్దన్నాడు. తీసేసితిని. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు."

లేచి పెరట్లోకి వెళ్ళాను. తీగమీద ఆమె ఆరేసిన బట్టలు ఎవరూ తియ్యలేదు. తీసి, మడతపెట్టి, మళ్ళీ లోపలికి వచ్చాను.

ఒక్క ఆశ మిగిలింది. తెగినది పోదు, కింద దాగి ఉంటుందని రాసుకున్నది నేను చెప్పిన మాటే. కార్డులో తీసేసినదాని మీద ఇంకోటి పడకపోతే, దాన్ని వెనక్కి తేవచ్చు. నీలం డబ్బాలోంచి కెమెరా తీశాను. కార్డు చూశాను. నేను ఆ రోజు ఇచ్చిన కార్డే. ఇన్నేళ్ళూ ఆ ఒక్కదానిమీదే తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, మళ్ళీ దానిమీదే తీసింది. ఇంకోటి కావాలని ఆమె అడగలేదు. ఇవ్వాలని నాకు తోచలేదు. నా స్టూడియో సొరుగు నిండా అవే.

టెక్కలి తీసుకెళ్ళి, పోయినవి తెచ్చే సాఫ్ట్‌వేరులో పెట్టాను. అది నడుస్తున్నంతసేపూ నేను నిలవలేకపోయాను. బస్టాండుదాకా వెళ్ళాను, ఏ బస్సూ ఎక్కకుండా వచ్చాను. షట్టరు సగం దించాను, మళ్ళీ ఎత్తాను. మధ్యాహ్నం దాటాక పాత ఫైళ్ళ పట్టీ వచ్చింది. అందులో మా నాన్నని తీసిన తేదీ ఉంది. దాన్ని తెరిచాను.

స్కూటీ కనబడింది.

పేరు పాతదే, దానికింద ఉన్న బొమ్మ కొత్తది. అలా జరుగుతుందని నాకు తెలుసు, తెలిసీ తెరిచాను. మా నాన్న ఉన్నచోట, అత్త చనిపోడానికి మూడు వారాల ముందు తీసినది పడి ఉంది. రిజిస్టర్లో ఆఖరి వరస అదే. "నీలమ్మ. స్కూటీ. కొయ్యవలెను."

నీలమ్మ మా ఊళ్ళో ఎండుచేపలు అమ్ముతుంది. పుట్టిల్లు భావనపాడు. మొగుడు గుజరాత్ పడవల్లో పనికి పోతే, ఆమె భావనపాడు నుంచి ఎండు నెత్తళ్ళూ సావిళ్ళూ తెచ్చి చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి అమ్ముకుంటుంది. వాసనని ఆటోవాళ్ళు ఆమె గంపలు ఎక్కించుకోరు. అందుకని కొడుకు ఒక పాత స్కూటీ కొనిచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, సైకిలు కూడా ఎరగదు. అత్త ఉద్యోగంలో మోపెడ్ నడిపింది కాబట్టి, నేను నేర్పుతానంది. నేర్పుతూ తీస్తానంది.

ఒక చేత్తో బండి వెనక కమ్మీ, ఒక చేత్తో కెమెరా. సముద్రం వైపు పోయే తారు రోడ్డు, అంచుల్లో ఇసక. బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. ఒక్కోసారి నీలమ్మ వీపు, ఒక్కోసారి ఆకాశం, ఒక్కోసారి అత్త చెప్పులు. నా పనివాళ్ళు ఎవరైనా ఇలా తీసుకొస్తే చీవాట్లు పెడతాను. సక్రం కేసి సూడకు, ముందుకి సూడు అని అత్త చెబుతూనే ఉంది. ఒగ్గకు నర్సమ్మా, ఒగ్గకు అని నీలమ్మ అరుస్తూనే ఉంది. కొంత దూరం పోయాక బొమ్మ మెల్లగా వెనకబడింది. బండి ముందుకి పోతోంది.

"పట్టుకున్నావా?" అని దూరం నుంచి నీలమ్మ.

"పట్టుకోనేదు. ఎప్పుడో ఒగ్గీసినాను. పో."

బండి చిన్నదై, మలుపులో కనబడకుండా పోయింది. కెమెరా ఆగలేదు. అక్కణ్ణుంచి నాలుగు నిమిషాలు ఏమీ లేదు. అత్త ఎక్కడో గట్టు మీద కూచున్నట్టుంది, కెమెరా ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల కొసలు, వాటి పైన తెల్లటి ఎండ. రొప్పు వినబడుతోంది. మామూలు రొప్పు కాదు. ఊపిరి చివర సన్నగా ఈల. నేను ధ్వని విని బతికేవాణ్ణి, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని విన్నాను. ఒకసారి దగ్గింది. ఒకసారి తనలో తనే నవ్వుకుని, పోనాదిరా దేవుడా అంది, నీలమ్మ గురించే. తరవాత చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆఖరికి స్కూటీ చప్పుడు దగ్గరికొచ్చింది. ఏటమ్మా కూకుండిపోనావు అని నీలమ్మ అడిగింది. ఏం నేదు, నువ్వు మళ్ళీ ఎల్లు అంది అత్త. అక్కడ ఆగిపోయింది.

ఎన్నోసార్లు వెనక్కి తిప్పాను. ఎన్నిసార్లు చూసినా ఆమె లేచి వైద్యానికి వెళ్ళదు. ఆ మూడు వారాల్లో ఒకరోజు స్టూడియోకి వచ్చింది. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూచుని, ఊపిరి తీసుకుంటూ కొంగుతో విసురుకుంది. ఎండగా ఉందనుకున్నాను. పనుందన్నాను.

వీడియో తమ్ముడికి చూపించాను. రొప్పు మొదలయ్యేసరికి మొహం తిప్పుకున్నాడు. బండి మలుపు తిరిగిందాకా ఉంచు, మిగతాది తీసెయ్ అన్నా, అందరూ చూస్తారు, బాధగా ఉంటుంది అన్నాడు. వాడి తప్పు లేదు. వాణ్ణి చూస్తుంటే వసారాలో మందుల సంచి పట్టుకుని నిలబడ్డ నేనే కనబడ్డాను. ఉండనీరా అన్నాను. పూలు, పావురాలు, వాయిద్యం ఏవీ పెట్టలేదు.

కూడికలో అందరూ చూశారు. మొదట బండి అటూ ఇటూ ఊగుతుంటే నవ్వారు. పిల్లలైతే పడీ పడీ నవ్వారు. తరవాత నాలుగు నిమిషాలు హాల్లో ఫ్యాన్ల చప్పుడు, అత్త ఊపిరి. మధ్యలో ఎవరూ లేవలేదు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి పట్టుకుని కూచున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ నాలుగు నిమిషాలూ నేను కదలకుండా ఉన్నాను. ఆ వారంరోజుల్లో నేను కుదురుగా కూచున్నది అదొక్కసారే.

మా నాన్న గొంతు దొరకలేదు. ఇక దొరకదు. మీలో ఎవరికైనా ఇంట్లో ఇలాంటి మనిషి ఉండి, చూడరా అని ఏదో పట్టుకొస్తే, పనుందని పంపెయ్యకండి అని చెప్పాలనుంది. కానీ ఎవరైనా నాకు అలా చెప్పి ఉంటే వినేవాణ్ణా అన్నది తెలీదు. కంప్యూటర్లో ఆమె కోసినవి చాలా ఉన్నాయి. రోజుకొకటి చూస్తున్నాను. కొన్నింట్లో వెనకాల మా నాన్న తోటకి నడిచి పోతూ కనబడతాడేమోనని ఇంకా చూస్తాను. మధ్యలో ఆ సంగతి మరిచిపోయి, పనసకాయ దగ్గరో బోరింగు దగ్గరో ఉండిపోతాను.

కూడిక అయి, అందరూ భోజనాలకి లేచాక, నీలమ్మ హాలు బయట నా దగ్గరికి వచ్చింది. తలమీద కొంగు సర్దుకుంది.

"నాకు ఇనబడనేదు బాబూ. బండి సప్పుడులో నాకు ఇనబడనేదు," అంది.

నాకూ వినబడలేదు అన్నాను. నేను స్టూడియో సంగతి చెబుతున్నానని ఆమెకి తెలీదు. తల ఊపింది. భోంచేసి వెళ్ళమన్నాను. సరుకు ఎండలో ఉండిపోయింది, మొయిలు పట్టింది, వెళ్ళాలంది. గోడవారన పెట్టిన స్కూటీ తీసింది. ఖాళీ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బండి కదిలాక కొంత దూరం రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ పోయింది. చెప్పులు ఇసకలో రెండు గీతలు గీశాయి. తరవాత కుడికాలు పైకి తీసుకుంది. ఇంకాస్త దూరం పోయాక ఎడమకాలు కూడా తీసుకుంది.